పంపకాల్లో పెట్టని ఫోటోలు

మా బావగారి ఆఖరి రోజు ఫోటోలు నా చేతిలో పోయాయని మా బంధువులంతా చెప్పుకుంటారు. హార్డ్ డిస్క్‌లోకి ఎక్కుతుండగా నేను వైరు లాగేశానట, దాంతో అన్నీ తుడిచిపెట్టుకుపోయాయట. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ గదిలో లేరు. మా ఆయన ఉన్నారు గానీ పేపరు చదువుకుంటున్నారు. పేపరు చదువుకునే మనిషి సాక్ష్యం నేను ఒప్పుకోను. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుని, ఎంత చదువుకున్నా ఒక్కోసారి అలా అవుతుందిలే అని నన్ను ఓదార్చినవాళ్ళు కూడా ఉన్నారు. వైరు సంగతికి వస్తాను. అసలు ఆ ఫోటోలు నా దాకా ఎందుకొచ్చాయో ముందు చెప్పాలి.

మండపేటలో మాది ఒకే ప్రహరీలో రెండు వాటాల ఇల్లు. తూర్పు వాటా బావగారిది, పడమటి వాటా మాది. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుని అన్నీ పంచుకున్నారు. పొలం, పెరట్లో కొబ్బరిచెట్లు, ఆఖరికి బోరు నీళ్ళకి వంతులు. రుబ్బురోలు ఎవరికి చెందాలని ఒక పూటంతా మాట్లాడారు. రెండిళ్ళలోనూ గ్రైండర్లున్నాయి, ఆ రోలు ఇప్పటికీ ఉన్నచోటే ఉంది. అంత పట్టింపుగా పంచినవాళ్ళకి ఫోటోల అకౌంటు మాత్రం గుర్తు రాలేదు. ఇంట్లోకి మొదటి స్మార్ట్‌ఫోన్ వచ్చినప్పుడు షాపతను బావగారి పేరున ఒక అకౌంటు తెరిచాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఫోన్ కొన్నా అందులోనే కలిపేశాడు. ఒకే కుటుంబం కదండీ అన్నాట్ట. మా ఇద్దరి ఫోన్లు, నా ల్యాప్‌టాప్, మా తోటికోడలి టాబ్, ఎందులో తీసిన ఫోటో అయినా ఒకే క్లౌడ్‌లోకి పోయి అందరికీ కనిపించేది. మధ్యలో గోడ కట్టుకున్నాక కూడా, ఆ ఒక్కచోట మేం ఉమ్మడిగానే ఉండిపోయాం.

బావగారు పోయాక కొంతకాలానికి ఆ అకౌంటు నిండిపోయింది. కొత్త ఫోటో ఒక్కటీ ఎక్కదు. పాతవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి మార్చి ఖాళీ చేద్దామని నేను అనుకుంటున్న రోజుల్లోనే ధవళేశ్వరం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. తను ఈ అన్నదమ్ములిద్దరికీ చెల్లెలు. పెద్దన్నయ్య పోయిన రోజున ఆపరేషనై మంచం మీద ఉంది, కడసారి చూపుకి రాలేకపోయింది. వీడియో కాల్‌లో చూపించబోతే సిగ్నల్ ఆగిపోయి, కదలని బొమ్మ ఒకటి చూసింది. అందుకని మా ఆయన తన కోసమే కొన్ని ఫోటోలు తీసి పంపారు. వాటిని తెరిచే ధైర్యం వచ్చేలోపే ఆ ఫోన్ పాడైపోయింది.

"తద్దినానికి వస్తాను కదా, అన్నయ్యవన్నీ ఒకచోట పెట్టి ఉంచు వదినా. ఆ రోజువి మాత్రం మర్చిపోకు" అంది.

నేను ఎంత తెలివైనదాన్నో మొదటి ప్రయత్నంలోనే తెలిసింది. ల్యాప్‌టాప్‌లో ఫోటోలన్నీ కనిపిస్తున్నాయి కదా అని డిస్క్ తగిలించి అన్నీ కాపీ కొట్టాను. అన్నేళ్ళ ఫోటోలు, కాఫీ కలుపుకుని వచ్చేలోపు ఎక్కేశాయి. మా ఆయనకి గొప్పగా చూపించబోయి ఒకటి పెద్దది చేస్తే, మామగారి మొహం నీళ్ళలో నానిన అట్టముక్కలా ఉంది. చోటు కలిసొస్తుందని ల్యాప్‌టాప్ చిన్న నమూనాలు మాత్రమే తన దగ్గర ఉంచుకుంటుందట. అసలు ఫోటోలు క్లౌడ్‌లోనే ఉంటాయి. కొట్లో శాంపిల్ బియ్యం పళ్ళెం తెచ్చుకుని బస్తాలన్నీ ఇంటికి చేరాయనుకున్నట్టయింది నా పని.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. అకౌంటులోంచి ఏడాదికొక మూటగా అసలు ఫోటోలు దించుకోవడం, డిస్క్‌లోకి ఎక్కించడం, ఎక్కినవి తెరిచి చూడడం. ఆడపడుచు అడిగింది గనక బావగారి ఆఖరి ఏడాదితోనే మొదలుపెట్టాను. ఆ మూట ఏ గొడవా లేకుండా ఎక్కింది. దాని తర్వాతది ఎక్కుతుండగా కరెంటు పోయింది, బ్యాటరీ పాతబడిన ల్యాప్‌టాప్ కూడా ఆరిపోయింది. అప్పుడు వైరు తీశాను, నిజమే. కరెంటు వచ్చాక ఆ మూటని మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాను. మా ఆయన చూసింది వైరు తీయడం ఒక్కటే. ఎక్కించేటప్పటికి ఆయన పేపరు అయిపోయింది, బయటికి వెళ్ళిపోయారు.

బావగారు తీసిన ఫోటోలు చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. మనుషులుండరు. మోటారు స్టార్టరు మీద లేబులు, దాళ్వా పంట ఊడ్పుల రోజున చేలో నీరు, కాలవ లాకుల దగ్గర నీటిమట్టం గీత, పురుగు పట్టిన ఆకు. మళ్ళీ అదే లాకు, అదే గీత, ఇంకో ఏడాది. సగం ఫోటోల్లో ఓ మూల బొటనవేలు అడ్డం. ఆ వేలి ఫోటోలన్నీ చెత్త కింద తీసేద్దామని విడిగా ఒక ఫోల్డరులో పడేశాను.

అన్నీ ఎక్కాక సరిచూడ్డానికి కూర్చున్నాను. ఆఖరి ఏడాదికి క్లౌడ్‌లో ఎన్నున్నాయో డిస్క్‌లో అన్నే ఉండాలి. డిస్క్‌లో ఎక్కువున్నాయి. తక్కువుంటే నా పొరపాటనుకోవచ్చు, ఎక్కువెలా ఉంటాయి? ముందు మా ఆయన్నే పట్టుకున్నాను. ఆయనకి ఫోటో తీయడమే తప్ప తీసెయ్యడం తెలియదని ఆయనే ఒప్పుకున్నారు. రెండువైపులా పక్కపక్కన పెట్టి చూసుకుంటే, క్లౌడ్‌లో లేనివి బావగారి ఆసుపత్రి ఫోటోలు, ఆఖరి రోజువి. అవే.

గోడకున్న చిన్న తలుపు తీసుకుని తూర్పు వాటాలోకి వెళ్ళాను. మా తోటికోడలు వసారాలో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. టాబ్ పక్కన బోర్లా పెట్టి ఉంది.

"అక్కా, ఫోటోలేమైనా తీసేశారా?"

"తీశాను. మా వాటాలోవే తీశానమ్మా, మీ వాటాలోవి ముట్టుకోలేదు."

ఆవిడ లెక్క ఆవిడకి సరిగ్గానే ఉంది. టాబ్ తూర్పు వాటాలో ఉంది గనక అందులోవి తూర్పు వాటా ఫోటోలు. కొబ్బరిచెట్లకి చెల్లిన న్యాయం ఫోటోలకెందుకు చెల్లదు? ఒకే గదికి నాలుగు కిటికీలున్నట్టని, ఏ కిటికీలోంచి చెయ్యిపెట్టి తీసినా గదిలో వస్తువే పోతుందని విడమర్చి చెప్పాను. ఓపిగ్గా విని, అయితే పీడా పోయింది అంది. కాయ ఒకటి విరిచి, నా వంక చూడకుండానే మొదలుపెట్టింది.

"మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే టాబ్‌లో దానంతటదే తెరుచుకుంది. నుదుటిమీద రూపాయి బిళ్ళ, ముక్కులో దూది. జ్ఞాపకం అని పైన పేరు. దానికో పాట కూడా పెట్టిందే."

తిథి ఇంకా రాలేదు. తద్దినం రోజుకి ఆవిడ ముందునుంచే మనసు చిక్కబట్టుకుంటుంది. టాబ్‌కి తిథులు తెలియవు, ఇంగ్లీషు తారీఖు చూసుకుని ముందే వచ్చేసింది.

మరి ఆడపడుచు సంగతో అన్నాను. ఆవిడ అన్నయ్యని చూసుకోలేదు కదా, ఆవిడ కోసం తీసినవే కదా అని వాదించాను. వాదన నాకు అలవాటు.

"చూడలేదు గనకే ఆవిడకి వాళ్ళన్నయ్య ఇంకా లుంగీ ఎగ్గట్టుకుని గేటు దగ్గర నుంచునే ఉంటాడు" అంది. "నాకు అలా రాడు. ఎంత తలుచుకున్నా ఆ దూదితోనే వస్తాడు."

డిస్క్‌లో ముందే ఎక్కేశాయని నిజం చెప్పేశాను. తీసెయ్యమంటారా అని అడిగాను.

"ఆ మాట నా నోటితో అనిపించకు. నీ దగ్గరే పడుండనీ. నేనున్నన్నాళ్ళూ ఎవరికీ చూపించకు."

సరే అన్నాను. క్లౌడ్‌లో తీసేసినవి చెత్తబుట్టలో కొన్నాళ్ళుంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. తేలేదు. ఆవిడ టాబ్‌కి వేరే అకౌంటు తెరిచి, ఏమేం కావాలో చెప్పండి అన్నాను. మా పంపకాల్లో మిగిలిపోయిన ముక్క అలా నా చేతిమీద పూర్తయింది. పెళ్ళి ఫోటోలు పెట్టమంది, లాకు గీతలు పెట్టమంది. వేలి ఫోల్డరు తీసేస్తున్నానంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "అది ఆయన వేలేగా" అంది. మనిషి ఆనవాలు కోసం డిస్కంతా వెతికి, ఉన్న ఒక్క ఫోల్డరునీ నేను చెత్తలో వేశానన్నమాట.

తద్దినానికి ఆడపడుచు వచ్చింది. అన్నీ ఉన్నాయి వదినా అంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మురిసిపోయింది. ఆ రోజు ఫోటోలు నేను ముందే డిస్క్‌లో వేరేచోట దాచేశాను. ఆఖరి ఏడాది దగ్గరికి వచ్చేసరికి, ఆ రోజువేవీ అంది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నారు. కరెంటు పోయినప్పుడు మీ వదిన వైరు లాగేసింది, దాంతోనే పోయి ఉంటాయి అన్నారు. ఆయన నిజమనే నమ్మి అన్నారు, అదే నాకు ఎక్కువ మండింది. మా తోటికోడలు వంటింటి గుమ్మంలో విస్తరాకులు తుడుస్తూ ఆగిపోయింది. నా వంక చూసింది.

"నీ చేతికిస్తే పదిలంగా ఉంటాయనుకున్నాను వదినా" అంది ఆడపడుచు. తిట్టినా బాగుండేది. కళ్ళు తుడుచుకుని, ఇంక అన్నయ్య మొహం ఎలా ఉందో నాకెవరు చెప్తారు అని తనలో తను అనుకుంది.

మా బంధువులు నన్నెన్ని అన్నా, ఆ పూట నేను నోరు మూసుకున్నానని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఇప్పుడు రాయడం ఎందుకంటారా? చూపించనని మాటిచ్చాను, చూపించలేదు. పోయాయని చెప్తానని ఎవరికీ మాటివ్వలేదు. అవి పోలేదు. డిస్క్ నా బీరువాలో, పట్టుచీరల మధ్య ఉంది. ఇది ఆడపడుచు చదువుతుందని నాకు తెలుసు. చదివిన మర్నాడే ధవళేశ్వరంలో బస్సెక్కి వస్తుంది, వచ్చి చెయ్యి చాపుతుంది. ఆ వేళకి గోడ అవతల మా తోటికోడలు చిక్కుడుకాయలో బెండకాయలో ముందేసుకుని, మా మాటలు వింటూ ఉంటుంది. ఒకరు చూడలేక ఏడుస్తున్నారు, ఒకరు చూడలేదని ఏడుస్తున్నారు, తాళం చెవి నా దగ్గరుంది.

రుబ్బురోలు కోసం పూటంతా కూర్చున్న ఆ పెద్దమనుషుల్ని మళ్ళీ ఒక్కసారి మా వసారాలో కూర్చోబెట్టి అడగాలని ఉంది. ఈ ఫోటోలు ఎవరి వాటా అండీ?