తాళంచెవి తిరిగి రాని ఇరవై నిమిషాలు

2002లో కంబదూరు దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. అక్కడ నాకున్న ఫిర్యాదు ఒకటే. ఆవరణ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డి తాళంచెవి నా బల్ల పక్క మేకుకు వేలాడేది. బీఎస్సీ చదివి, మైక్రోస్కోపు నేర్చుకుని, చివరికి జనానికి నేను తాళంచెవి సారునయ్యాను.

ఆ ఏడు వానల్లేవు. ఊళ్ళకు ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చేది. ఒక ఉదయం ఓబులేసు అనే శెనక్కాయ రైతు వచ్చాడు. అరవై ఆరేళ్ళు. మాటిమాటికీ ఒంటేలు వస్తోందంటే, షుగరేమోనని డాక్టరు నా దగ్గరికి పరీక్షకు పంపారు. రక్తం తీసి, మూత్రానికి సీసా, దాంతోపాటు తాళంచెవి ఇచ్చాను.

తాళంచెవి తిరిగి రాలేదు. నేను నాలుగు స్లైడ్లు చూసేశాను. బయట వరుస పెరిగింది.

"లోపల పండుకున్నాడేమప్పా?" అని ఒకామె అరిచింది.

ఇరవై నిమిషాలకు వచ్చాడు. సీసా అడుగు మాత్రం తడిసింది.

షుగర్ లేదు. ఓబులేసు సంబరంగా తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. రిపోర్టు చేతికిస్తే నా పని అయిపోయినట్టే. ఎంతసేపు పట్టిందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

"ఓబులేసన్నా, కూచో. ధార సన్నగా వస్తాందా?"

"వయసప్పా."

"ఎప్పట్నుంచి?"

"శెనక్కాయ విత్తినప్పట్నుంచి. మందు నేనే కనుక్కున్యాలే. నీళ్ళు తాగేది మానేసినా. పొద్దంతా ఒక్క చెంబు."

ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పైగా, మా మామ కరువెరిగిన మనిషని కోడలు ఊరంతా చెప్పుకుని మురిసిందట.

"ఈ సంగతి చెప్పి మళ్ళీ డాక్టరుకు చూపించుకో."

"షుగర్ లేదంటివి గదా! సేద్యమోనికి ఇన్ని రోగాలా?"

చెయ్యి పట్టుకుని డాక్టరు గదిలోకి తీసుకుపోయాను. మగవాళ్ళకు మూత్రాశయం కింద ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. వయసుతో అది ఉబ్బి మూత్రనాళాన్ని నొక్కుతుంది. చాలామందిలో అది క్యాన్సర్ కాదు. ఏదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే, కోడలు కాదు. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని, మలద్వారం గుండా వేలితో పరీక్ష చేశారు. బయటికొచ్చి ఓబులేసు నన్ను చూసిన చూపులో కృతజ్ఞత కనబడలేదు.

గ్రంథి ఒకవైపు గట్టిగా తగిలిందట. అనంతపురంలో పీఎస్ఏ అనే రక్తపరీక్ష, తర్వాత చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ. క్యాన్సరే. అయితే గ్రంథి దాటి పోలేదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు.

నా ఉద్యోగంలో వేల రిపోర్టులు రాశాను. నేను గొప్పగా చెప్పుకునేది మాత్రం ఏ రిపోర్టులోనూ లేదు.

ఏడేళ్ళకు ఓబులేసు తన ఊరి పెద్దమనుషులు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఈ సారుకు సిగ్గుపడకుండా చెప్పండప్పా. గడియారం పెట్టి చూస్తాడు" అన్నాడు. మనిషి నున్నగా ఉన్నాడు. చేతిలో నీళ్ళ సీసా.

నేను కాస్త గొంతు సవరించుకున్నాను. ధార సన్నబడినా, మొదలవడానికి కష్టమైనా, రక్తం కనబడినా ఆలస్యం చేయొద్దన్నాను. అసలే రాకుండా ఆగిపోతే ఆ పూటే ఆసుపత్రికి రావాలన్నాను. ఈ క్యాన్సర్ మొదట్లో ఏ బాధా పెట్టకపోవచ్చు కాబట్టి, యాభై దాటినవాళ్ళు పరీక్ష అవసరమా అని ఒకసారి డాక్టరును అడగాలన్నాను. నలుగురూ తలలూపారు. బాగానే చెప్పాననుకున్నాను.

ఓబులేసు మాత్రం నా నెరిసిన తలకేసి చూస్తున్నాడు.

"అంతా సరే గానీ సారూ, నీకు యాభై దాటి రెండేండ్లాయ గదా. నువ్వెప్పుడు చూపించుకున్యావు?"