పలక పట్టుకున్న చెయ్యి

మా చెల్లి దూరపు దీవులకు వెళ్ళిన పరిశోధన ఓడలో ఉంది. అక్కడి సముద్రంలో ఏయే జీవులున్నాయో చూసొచ్చే బృందం అది. నీళ్ళలోకి దిగి కెమెరాలు అమర్చడం తన పని. ఆ కెమెరాల్లో పడిన చేపలను గుర్తుపట్టడం సాఫ్ట్‌వేర్‌కు నేర్పే పని నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసుకు వచ్చింది. అక్కాచెల్లెళ్ళది ఒకటే ప్రాజెక్టని అమ్మ అపార్ట్‌మెంటంతా చాటింది. అది సముద్రంలో, నేను ఏసీలో. నాకు ఒళ్ళు మండేది.

ఏ చోట తీసిందో తెలియడానికి నంబరు రాసిన పలకను ముందుగా కెమెరాకు చూపించాలి. అందుకని ప్రతి వీడియో ఒక చేతితో మొదలవుతుంది. వీడియోలు ఓడ తిరిగొచ్చాకే చూడగలం. సాయంత్రాలు శాటిలైట్ మీద ఆ వీడియోల్లోంచి తీసిన నాలుగైదు ఫోటోలు మాత్రం వచ్చేవి. వాటిలో చెల్లి చెయ్యి ఇట్టే తెలిసిపోయేది. అది బయల్దేరే ముందే అట్లతద్ది వచ్చింది. "నీళ్ళలోకి దిగేదాన్ని, నాకెందుకమ్మా ఇది!" అని గొణుగుతున్నా వినకుండా అమ్మ గోరింటాకు నూరి దాని వేళ్ళకు టోపీలు పెట్టింది.

తరవాత వాళ్ళున్న వైపు బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. ఫోటోలు ఆగిపోయాయి. వారమైనా ఒక్కటీ రాలేదు. ప్రాజెక్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఓడ ఏదో దీవి చాటున ఆగి ఉంటుందండీ" అన్నారు. ఆగిందని మాత్రం అనలేదు. నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. లిఫ్టులో కిందికి వెళ్ళడం, ఎందుకు వెళ్ళానో తెలియక పైకి రావడం. పాత యాత్రల వీడియోల్లో చేపల చుట్టూ గీయాల్సిన గీతలు రాళ్ళ చుట్టూ గీశాను.

"జర ఒక్క తాన కూసో అక్కా. నిన్ను చూస్తుంటే నాకే పరేషాన్ అయితుంది" అన్నాడు మా టీమ్ లీడ్.

"నీ చెల్లెలైతే కూర్చునేవాడివా?" అని కసురుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అతనే కేకేశాడు. "వచ్చింది! అక్కా, జల్ది రా!"

తెర మీద పలక, దాన్ని పట్టుకున్న ఎర్రటి వేళ్ళు. అక్కడికక్కడే అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఏడ్చింది. ఫోన్ పెట్టేసి, ఫోటోను పెద్దది చేసి చూశాను. గోళ్ళు మొదలంటా ఎర్రగా ఉన్నాయి. ఆగిపోకముందు వచ్చిన ఫోటోల్లోనే వేళ్ళ మీది ఎరుపు వెలిసిపోయి, గోళ్ళ మొదట్లో సన్నగా తెల్లగీత కనబడింది. ఇది మొదటి రోజుల్లోది. ఎక్కడో ఇరుక్కుపోయి ఇప్పుడు వచ్చిపడింది.

సాయంత్రం మూసాపేటలో ఇల్లు చేరేసరికి అమ్మ కళ్ళజోడు పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది. "బాగా పండింది" అని ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. నిజం చెబుదామని వెనకాలే వెళ్ళినదాన్ని, చెప్పకుండానే కంచం ముందు కూర్చున్నాను. పెరుగన్నం కలిపి పెట్టింది. తను తినలేదు.

రెండు రోజుల తరవాత మరో ఫోటో వచ్చింది. ఈసారి ఎవరితోనూ మాట్లాడకుండా ముందు గోళ్ళు చూశాను. ఎరుపు ఇంకాస్త పైకి జరిగింది. మొదట్లోని తెల్లగీత బియ్యపు గింజ మందాన పెరిగింది. నా చెల్లి గోళ్ళు పెరుగుతున్నాయి! అమ్మకు ఫోన్ చేశాను.

"ఈసారి నిజంగా వచ్చిందమ్మా. మొన్నటిది పాతది. నీతో చెప్పలేకపోయాను."

"నూరి పెట్టినదాన్ని, నాకు తెలీదుటే?" అంది అమ్మ. "నువ్వు ఆ ఒక్క పూటైనా కుదురుగా అన్నం తింటావని ఊరుకున్నాను."