నా సంచి నేనే మోసిన కొండ

పన్నెండు వేల అడుగుల మంచుకొండను గైడు లేకుండా, కూలీ లేకుండా, నా సంచి నేనే భుజాన వేసుకుని ఎక్కినవాణ్ణి నేను. అలాంటి నా దగ్గరికి మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి, తాను మొదటిసారి వెళ్లబోతున్న హిమాలయాల ట్రెక్కుకు గైడును మాట్లాడుకున్నానని, సంచి మోయడానికి పోర్టరును కూడా పెట్టుకోనా తాతయ్యా అని అడిగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. దారి చూపేవాడొకడు, మోసేవాడొకడు, ఆ గాలికి ఒళ్లు అలవాటు పడాలని మధ్యలో ఒకరోజు ఊరికే కూర్చోవడమొకటి. ఇక కొండ ఎక్కేదెవరు? మన కాలంలో ఈ సోకులన్నీ ఉన్నాయా, మీరే చెప్పండి.

మేం తయారైన తీరే వేరు. నరసరావుపేటలో మిరపకాయల కొట్టు నడిపే రోజుల్లో నేనూ మా బావమరిదీ రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, నెత్తిన మిరపకాయల మూట పెట్టుకుని కోటప్పకొండ మెట్లెక్కి సాధన చేశాం. పల్నాటి ఎండను ఓర్చినవాడికి మంచు ఒక లెక్కా అన్నది మా సిద్ధాంతం. హిమాలయాల్లో తిండి సయించదని బియ్యం, గోంగూర పచ్చడి, గొడ్డుకారం కట్టుకుపోయాం. కొండ కింది ఊళ్లో ఒక గైడు వచ్చి, ఒకరోజు ఆగి ఎక్కండి, సంచులకు మనిషిని పెట్టుకోండి అంటే, బేరం కోసం బెదిరిస్తున్నాడని నేనే కసిరి పంపాను.

ఇంతవరకే మనవరాలికి చెప్పాను. మీరు నా ఈడువాళ్లు కనుక మీ దగ్గర దాపరికమెందుకు, అది పన్నెండు వేలు కాదు, పదివేల దగ్గరే ఆగిపోయాం. అంత ఎత్తున గిన్నెలో నీళ్లు తెర్లుతూనే ఉన్నా బియ్యం ఉడకలేదు, ఆ పలుకుల్లోనే కారం కలుపుకుని నమిలాం. తెల్లారేసరికి తల పగిలిపోయే నొప్పి, వాంతులు. నేను కసిరిన గైడే ఇంకో జట్టును తీసుకుని అటుగా వచ్చి, నా వాలకం చూసి, వెంటనే కిందికి దించమని తన పోర్టరును ఇచ్చాడు. ఆ పోర్టరు నా సంచి మోశాడు, అంతే. ఆపాటి సాయం దారినపోయే ఎవరైనా చేస్తారు, దాన్ని పోర్టరును పెట్టుకోవడం అంటారా?

ఇప్పటివాళ్లు అన్నీ తెలుసుకుని బయలుదేరుతారు, మనం బయలుదేరాక తెలుసుకునేవాళ్లం. తెలియకుండా గడప దాటడంలో ఉన్న ఆ సంబరం వీళ్లకు ఎన్ని కొండలెక్కినా దొరకదు కదా అని నాకు కోపంతో పాటు కొంచెం దిగులు కూడా కలిగింది.

నా మాటలకు పిల్ల ముఖం చిన్నబోయింది. చిన్నప్పుడు ఆయాసంతో రాత్రుళ్లు కూర్చునే నిద్రపోయిన పిల్ల, "అయితే పోర్టరొద్దులే తాతయ్యా, నేనే మోసుకుంటా" అని ఫోనులో పోర్టరు అని పెట్టిన గుర్తు తీసేయబోయింది.

అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మా బావమరిది చెయ్యి ఆపాడు.

"ఏమే, ఆగు. పోర్టరును తీసేయమాక. ఏంది బావా నువ్వు, పిల్ల పానం మీదికి తెస్తావా? నీ సంచి మోసింది నేను. ఆ పోర్టరు మోసింది నిన్ను. వీపున కట్టుకుని దించాడు, దారంతా ఆయన మెడ మీదే కక్కావు."