చేపలకు పోయిన బియ్యం

పోయిన వారం మా వీధిలోకి చేపలమ్మే ఆమె వచ్చింది. మోపెడ్ వెనక ప్లాస్టిక్ పెట్టె, ఆ పెట్టెకు ఫోన్‌తో డబ్బులు పంపించే అట్టముక్క. మా కోడలు వంజరం ముక్కలు తీసుకుని, ఫోన్‌ను ఒకసారి ఆ అట్టకు చూపించి లోపలికి వచ్చేసింది. "డబ్బులు పోయినట్టే ఉండదత్తయ్యా. నెలాఖరున చూసుకుంటే గుండె జారిపోతుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నా ఆలోచన అప్పటికే కావలిలో నేను కాపురానికి వచ్చిన మొదటి నెలకు వెళ్లిపోయింది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. అంగళ్లలోకి కిలో రాళ్లు కొత్తగా వచ్చాయి, ఇళ్లల్లో మాత్రం ఇంకా సోల, గిద్దె నడుస్తున్నాయి. కిలో అంటే ఎన్ని సోలలో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పేవారు.

మాది చిట్టమూరు దగ్గర పల్లె. నాయనకు మాగాణి ఉండేది. మొలకొలుకుల వడ్లు గాదెలో ఎప్పుడూ ఉండేవి కాబట్టి బియ్యానికి కూడా ఒక ధర ఉంటుందని పెళ్లయ్యేదాకా నాకు తట్టలేదు. ఉప్పూ కిరసనాయిలూ కొంటారని తెలుసు. బియ్యం కొనడమంటే నీళ్లు కొనడం లాంటిదే అనుకునేదాన్ని. (నీళ్లు కూడా కొనే రోజులు వస్తాయని అప్పుడెవరికి తెలుసు.) పులికాటు వైపు నుంచి ఆడవాళ్లు చేపలు తెస్తే అమ్మ చేటతో వడ్లు పోసేది. ఎన్ని పోసిందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అత్తగారిల్లు అట్లా కాదు. వాళ్లకు సెంటు భూమి లేదు. మామగారు ఎప్పుడో పోయారు. అత్త ఒంటి చేత్తో కొడుకును చదివించింది, ఆయన తాలూకాఫీసులో గుమాస్తా అయ్యాడు. ఉండేది ముగ్గురం. ఒకటో తేదీన ఆయన జీతం తెచ్చి తల్లి చేతికిస్తే, ఆమె అందులో నలభై రూపాయలు తీసి అంగడికి పోయేది. బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు, నూనె, అన్నీ ఆ నలభైలోనే రావాలి. మళ్లీ ఒకటో తేదీ వరకు అంగడి మెట్టు ఎక్కే పని లేదు. అరువు అనే మాట ఆ ఇంట్లో తిట్టుకంటే హీనం.

నేను వచ్చిన నెలలోనే ఆ నలభై నా చేతిలో పెట్టింది. "ఇంక నువ్వే చూసుకో అమ్మే. నేను చేసినంతకాలం చేసినా" అంది. ఉన్న పెత్తనం మొత్తం ఒక్కసారిగా వచ్చేసరికి నేను పొంగిపోయాను. అత్త ఎట్లా కొనేదో అట్లాగే అన్నీ కొన్నాను. పైగా మూడు రూపాయలు మిగిల్చాను కూడా.

నాలుగో రోజున సముద్రపు ఒడ్డు పాలెం నుంచి చేపలామె వచ్చింది. నల్లగా, పొడుగ్గా, నెత్తిన తడిగంపతో నడిచి వచ్చేది. గంప దించితే వాకిలంతా ఉప్పునీళ్ల వాసన. "దుడ్లు వొద్దులే తల్లా, ఒక సోలెడు బియ్యం పొయ్యి చాలు" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. డబ్బు కదలకుండా కూర! నెత్తళ్లు ఒకరోజు, కానాగంతలు ఒకరోజు, చందువ దొరికితే రెండు సోలలు. పోసేటప్పుడు మా అమ్మలాగే సోల మీద గోపురం వచ్చేటట్టు పోసేదాన్ని. మా ఆయన "దినామూ చేపలేనా?" అని అడుగుతూనే రెండోసారి వడ్డించుకునేవాడు. ఒకరోజు ఆపుకోలేక అత్తతో, "చూడత్తా, కూరకు ఒక్క నయాపైసా పెట్టలేదు" అన్నాను. ఆమె నా వంక చూసి, "అట్నా" అని వక్కాకు నోట్లో పెట్టుకుంది. ఆ రోజే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదని చాలా ఏళ్లు ఆమె మీద నాకు లోలోపల కోపం ఉండేది.

పంతొమ్మిదో తేదీన బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే గోళ్లకు రేకు తగిలింది. ఎక్కడ పోయాయో అర్థం కాలేదు; ఎలుకలేమోనని డబ్బా వెనకంతా వెతికాను కూడా. ఎవరికీ చెప్పకుండా నాయనకు కార్డు రాసి పడేశాను. ఇరవై రెండున నాయన బస్తా బియ్యంతో దిగాడు. గూడూరు దాకా ఎద్దుబండి, అక్కడి నుంచి రైలు.

అత్త ఆయనకు ఏ లోటూ చెయ్యలేదు. కాళ్లకు నీళ్లిప్పించింది, డబ్బాలో ఉన్న ఆఖరి బియ్యం వండించి నెయ్యి వేసి పెట్టించింది. నాయన పోబోతూ, "పిల్లకు తెలీదు వొదినా, ఏమనుకోబాకండి" అన్నాడు. "ఏముంది అన్నయ్యా, నేర్చుకుంటాది" అంది అత్త నవ్వుతూనే. ఆయన సందు మలుపు తిరిగాక బస్తా మూతి విప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అది మూలన పెట్టు."

"ఇంట్లో బియ్యం నిండుకున్నాయత్తా."

"తెలుసు. సోలలు సోలలుగా గడప దాటతా ఉంటే నేను చూస్తానే ఉండా. ఈ నెల నువ్వు జరిపితే నువ్వు జరిపినట్టు, మీ నాయన జరిపితే ఆయన జరిపినట్టు. నీకేది కావాల?"

నేను బస్తాను మూలకు ఈడ్చాను.

అత్త తన అంబలి కోసం కుండలో దాచుకున్న రాగులు, డబ్బా అడుగున నూకలు, మిగిల్చిన మూడు రూపాయలు, ఇవే నెలాఖరు దాకా. రెండు పూటలా సంగటి, చింతపండు పులుసు. మూలన బస్తా నిండుగా కూర్చుని ఉండేది. మా ఆయన ఒకసారి దాని వంక, ఒకసారి తల్లి వంక చూసి, సంగటి ముద్ద తుంచుకునేవాడు. నేను మాత్రం మొదటి రెండు రోజులు పొయ్యి పొగ మీద నెపం పెట్టి ఏడ్చాను. మూడో రోజు చేపలామె వచ్చి గంప దించింది. గడపలో నిలబడి "లేవు" అన్నాను. మా ఇళ్లల్లో నిండుకున్నాయనే అంటాం. 'లేవు' అనే మాట నోటితో అనడం పుట్టి బుద్ధెరిగాక నాకు అదే మొదటిసారి. ఆమె ఒకసారి నా ముఖం చూసింది. "బియ్యం లేకుంటే ఏమాయ, తీసుకో, వొచ్చే నెల ఇద్దువు" అంది. వద్దన్నాను. గంప మళ్లీ ఎత్తడానికి చెయ్యి సాయం పట్టాను. ఎంత బరువుందో, అన్ని మైళ్లు ఆ బరువుతో ఎట్లా నడిచి వస్తుందో అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు.

ఆ తరువాతి నెల చేపలు వారానికి రెండుసార్లే అని ఆమెతో మాట్లాడుకున్నాను. సోల మీద గోపురం పోయి, అంచుకు సమానంగా చెయ్యి రాసి పోశాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటిసారి చేపల్లో ఒకటి తగ్గింది, నేనూ ఏమీ అనలేదు. ముప్పయ్యో తేదీ రాత్రి వంటకు తీయగా డబ్బాలో ఇంకా రెండు సోలలు మిగిలాయి. అత్త మూత ఎత్తి చూసి మూసింది. తెల్లవారి, "మీ నాయన బియ్యం ఇప్పుడు తిందాం, ఇప్పు" అంది. పుట్టింటి బియ్యాన్ని ఆ రోజు మొదటిసారి కొలిచి వండాను. అన్నం ఉడికే వాసనకు నాకు మా ఇల్లు కళ్లకు కట్టింది. సోల మాత్రం చేతిలోంచి దింపలేదు.

ఆ ఇంట్లో ఆ తరువాత ఎన్నో ఏళ్లు నేనే జరిపాను. నలభై యాభై అయింది, తరువాత వంద దాటింది, దాదాపు ఎప్పుడూ సరిపెట్టాను. కానీ ఆ నెలల్లో ఒక్కటీ నాకు విడిగా జ్ఞాపకం లేదు. సరిపోయిన నెలలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఎటో వెళ్లిపోయాయి. సరిపోని ఆ ఒక్క నెలే, రోజుకు రోజుగా, ఇంకా నా దగ్గర ఉంది.