కానుగాకు బీడీలు

నా చేతులకు ఊకుండుడు రాదు. చిన్నప్పటి సంది ఒళ్ళె చాట, చాటల తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, మూతి మడుసుడు, దారం కట్టుడు. నిద్రల గూడ నా వేళ్ళు ఆడుతయని మా ఆయన నవ్వుతుండె. అసొంటిదాన్ని, పోయిన పసుపు సీజన్ల చేతుల ఏమీ లేకుండ అంగన్‌వాడీ బడిల కూసోవలసి వచ్చింది. గోనెసంచి మీద, మూడేండ్ల పిల్లల నడుమ.

ఎందుకంటే నా మనుమరాలి కోసం. దాని బాపు, అంటే నా కొడుకు, దుబాయిల పని చేస్తడు. ఇంట్ల కోడలు, నేను, గీ పిల్ల. కోడలు గూడ నా లెక్కనే బీడీలు చేసేది. చలికాలంల పిల్లకు దగ్గు పట్టుకున్నది, ఎంతకూ ఇడుస్తలేదు. ఆర్మూర్ల దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ, "తంబాకు దుమ్ముల పిల్లను కూసోబెట్టుకుంటే దగ్గు ఎట్ల పోతది?" అని గట్టిగనే అడిగింది. గా దవాఖానలనే చీటీలు రాసే మనిషి కావాలని కోడలు విన్నది. ఇంటర్ చదివింది, కంప్యూటర్ వచ్చు. పోయి అడిగింది. ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు.

నాకు మస్తు సంబరమైంది. చాట మీద వంగి వంగి నా నడుం కొడవలైంది, కోడలిదన్న నిటారుగ ఉండాలె. కాని పిల్ల ఏడుండాలె? ఇంట్ల ఉంచుకుందమంటే నా తంబాకు. నేను చాట ఇడిస్తె ఇల్లు నడువది. బడికి తోలుదమంటే అది నా కొంగు ఇడుస్తే ఒట్టు. ఒకటో తారీకు లోపట పిల్ల బడికి అలవాటు గాకపోతే కోడలు మళ్ళ చాట పట్టాలె. గంతే ముచ్చట. అందుకని అలవాటయ్యేదాంక పిల్ల పక్కన కూసుందమని నేనే బయలెల్లిన.

మా ఊరు వేల్పూర్ దిక్కు ఉంటది. బడి అంటే నాలుగు గోడల బడి గాదు. బిల్డింగ్ స్లాబు పెచ్చులూడుతున్నదని టీచరమ్మ పిల్లలను బయటికి తెచ్చింది. ఊరి చివర పసుపు ఎండబోసే కల్లం పక్కన కానుగ చెట్లున్నయి. ఆ నీడల సంచులు పరిచి, కొమ్మకు బోర్డు తగిలేసింది. అదే బడి. కల్లంల ఎవ్వరింటి పసుపు ఉడికితే వాళ్ళు ఆ రోజు బడి పిల్లలకు ఏదో ఒకటి తేవాలె. ఎవ్వరు పెట్టిండ్రో గని, గా రివాజు పడ్డది. ఒకరు సకినాలు తెస్తరు, ఒకరు జామకాయలు, ఒకరు మక్కకంకులు కాల్చుకొస్తరు. పిల్లలు కల్లం అంచున కూసోని సన్నగ పొడుగుగున్న పసుపు కొమ్ములు ఒక దిక్కు, గుండ్రంగ లావుగున్న మండలు ఒక దిక్కు పోసి పెద్దది చిన్నది నేర్సుకుంటరు. పొద్దుమీకేసరికి కాళ్ళు పచ్చగ, చెడ్డీలు పచ్చగ. పగటి అన్నం కాడ ఏ పిల్ల బాపు గల్ఫ్ నుంచి టీచరమ్మ ఫోన్‌కు వీడియో కాల్ చేసినా అందరు ఆ ఫోన్ మీద పడి, నా గుడ్డు చూడు అంటే నా గుడ్డు చూడు. మా కొడుకైతే ఒకనాడు, "అమ్మా, గీళ్ళందరు నన్ను బాపూ అంటున్నరేందే!" అని ఒకటే నవ్వుడు.

మొదటి రోజు నేను చాట సంకల పెట్టుకొనే పోయిన. టీచరమ్మ పెర్కిట్ నుంచి ఆటోల వస్తది, చిన్న వయసు పిల్ల. నన్ను చూసుడుతోనే, "అవ్వా, తంబాకు పిల్లల కాడికి తేవద్దు. ఇంట్ల పెట్టి రా" అన్నది.

"మరి నేనేం చెయ్యాలె? నీ మొఖం చూసుకుంట కూసోవాల్నా?"

"చూడు, మంచిగనే ఉంటది."

నోరు గలదే! నాకు నచ్చింది. చాట ఇంట్ల పెట్టి వచ్చి కూసున్న. మా పిల్ల నా ఒళ్ళెకెల్లి దిగలే. ఒక పోరగాడు నా ముంగటకొచ్చి, నోరు దిక్కు వంగి చూసి, "టీచర్, కొత్త పిల్లకు పండ్లు లేవు!" అని ఒర్రిండు. అందరు ఒకటే నవ్వుడు. నాకు కోపమైతే వచ్చింది గని, వానిది అబద్ధం గాదాయె.

గట్ల నాలుగైదు రోజులు నడిచింది. నేను లేస్తే పిల్ల లేస్తది, నేను నీళ్ళకు పోతే పిల్ల వస్తది. ఒకటో తారీకు దగ్గర పడుతుంటే కోడలు రోజు పొద్దుమీకి అడుగుడు, "అత్తమ్మా, ఒక్కతే కూసున్నదా?" నేను తల అడ్డం ఊపుడు. దవాఖానకు కట్టుకపోదామని ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర, మల్ల పెట్టెల పెట్టుకుంటదేమోనని నాకు లోపల గుబులు.

నేను ఊకె కూసునుడు చూసి టీచరమ్మ, "అవ్వా, పిల్లలకు ఏదన్న నేర్పరాదు? వేళ్ళు మంచిగ తిరగాలె వాళ్ళకు" అన్నది. పాటలు నాకు రావు. చిన్నప్పుడు ఆకు చుట్టి పీపీ ఊదుతుంటిమి, అది చేపిద్దమనుకున్న. కింద రాలిన కానుగాకులు ఏరిచ్చిన. ఒక ఆకు తీసుకొని చుట్టిన. ఇగ నా వేళ్ళు నా మాట వింటయా? సక్కగ మూతి మడిచినయి. గోనెసంచి దారం పీకి కట్టినయి. నోట్ల పెట్టి ఊదితే ఏడ మోగుతది, మూతి మూసుకపాయె. ఇంకోటి చేసిన, అదీ గంతే.

పీపీ మోగకపోతేంది, పిల్లలకు మాత్రం మస్తు నచ్చింది. ఇంటింట్ల చూస్తున్న పనే గదా. అందరు ఆకులేసుకొని కూసున్నరు. మా పిల్ల నా ఒళ్ళెకెల్లి దిగి, "గట్ల గాదు, గిట్ల!" అని ఒక్కొక్కరి కాడికి పోయి చూపిచ్చుడు మొదలువెట్టింది. మొదటిసారి నా కొంగు ఇడిచింది! నేను ఊపిరి బిగవట్టుకొని చూస్తున్న. ఇయ్యాల పోయి కోడలికి చెప్పాలె, అయిపోయింది పని, అనుకుంటున్న.

సరిగ్గ అప్పుడే జీపు వచ్చి ఆగింది. బడులు తనిఖీ చేసే మేడం. టీచరమ్మ ఉరికింది. మేడం దిగి చూస్తే, పిల్లలందరు వరుసగ కూసోని ఆకులు చుట్టి, కట్టలు పెడుతున్నరు.

"ఏం చేస్తున్నరు బంగారాలు?" అని అడిగింది ప్రేమగ.

"బీడీలు!" అన్నరు అందరు ఒక్కటేసారి, బడి ఎగిరిపొయ్యేటట్టు.

నా పండ్లను లెక్కవెట్టిన పోరగాడు లేచి, ఒకటి నోట్ల పెట్టుకొని, వాళ్ళ తాత లెక్క తల పక్కకు వంచి, "మేడం, అగ్గిపెట్టె ఉన్నదా?" అన్నడు.

ఓ అవ్వో! టీచరమ్మ మొఖంల నెత్తురు సుక్క లేదు. మేడం మొఖం ఎర్రగైంది. "ఎవ్వరు నేర్పిండ్రు గిది?" అంటే పిల్లలందరి వేళ్ళు నా దిక్కు. నేను ఊకుంటనా? "మేడం, గీ ఊర్ల ఏ ఇంట్ల చూసినా చాటనే. పిల్లలు చూసిందే చేస్తరు. నువ్వు విమానాలు చూపియ్యి, విమానాలు చేస్తరు" అన్న.

"అందుకేనమ్మా వాళ్ళను ఇంట్లకెల్లి తీసి బడికి తెమ్మనేది. చాటను గూడ ఎంటవెట్టి తెమ్మనలే" అన్నది ఆమె.

చాట తేలేదు అని చెప్పబోయిన. నా చేతులు చూసుకొని కొంగుల దాచుకున్న. టీచరమ్మను ఏమనలే గని, పోతపోత మేడం ఒక మాట అన్నది: రేపటి సంది ఇంటోళ్ళు ఎవ్వరు బడిల కూసోవద్దు. రేపంటే ఒకటో తారీకు. కోడలికి దవాఖానల మొదటి రోజు.

తెల్లారి కోడలు ఇస్త్రీ చీర కట్టుకొని ఆటో కోసం రోడ్డు మీద నిలవడ్డది. అటు చూసుడు, ఇటు చూసుడు. "ఏడిస్తే ఫోన్ చెయ్యుండ్రి అత్తమ్మా, మధ్యలనే వచ్చేస్త" అన్నది. "నువ్వు పో, ఫికర్ చెయ్యకు" అని తోలిచ్చి, పిల్లను కానుగ చెట్ల కింద దించి, వెనుకకు తిరిగిన. ఇగ చూడు ఏడుపు! "బాపమ్మా!" అంటే కల్లంల పసుపు తిరగేసేటోళ్ళు గూడ పని ఆపిండ్రు. నేను ఇంటికి పోతే గద? పసుపు బస్తాల వెనుక నక్కి నిలవడ్డ. కాళ్ళు ముందుకే గుంజుతుంటే బస్తా గట్టిగ పట్టుకొని ఆగిన.

జరసేపటికి ఏడుపు ఆగింది. ఏడుపు కంటే అది ఎక్కువ భయం పెట్టింది నన్ను. తల బయటికి పెట్టి చూసిన. ఆ పొద్దే కొత్తగ వచ్చిన ఒక బుడ్డోడు సంచి మీద పడి పొర్లుతున్నడు. మా పిల్ల ముక్కు తుడుసుకుంట వాని పక్కన కూసున్నది. ఒక కానుగాకు తీసుకున్నది, చుట్టింది, దారం కట్టింది. మూతి మడువలే. అట్లనే తెరిచి ఇడిచింది. నోట్ల పెట్టి ఊదితే పీ... అని మోగింది. బుడ్డోని ఏడుపు ఆగింది. నా చేతులకు రానిది దాని చేతులకు వచ్చింది.

"ఏడ్వకురా," అన్నది అది, నా దిక్కు చూడనన్న చూడకుండ. "అవ్వలు ఏడికి పోరు. గా బస్తాల వెనుక దాక్కుంటరు. జరసేపైనంక ఇంటికి పోతరు. మల్ల వస్తరు."

మరి పోవాలె గదా, పొమ్మన్నంక! ఇంటికొచ్చి చాట ముంగట కూసున్న. ఆకు చేతుల పట్టుకున్న గని కత్తెర పెడుదమంటే ఆకు కనవడుతలేదు. కండ్ల నిండ నీళ్ళు. బాధ గాదు, సంతోషమంటే సంతోషం గాదు. ఒళ్ళె చాట ఉన్నా ఒళ్ళు ఖాళీ అనిపిచ్చింది.

పొద్దుమీకి కోడలు ఆటో దిగి, చెప్పులు గూడ ఇడువకుండ లోపలికి ఉరికొచ్చింది. పిల్ల అరుగు మీద పీపీ ఊదుతున్నది, పచ్చటి కాళ్ళు ఊపుకుంట.

"అత్తమ్మా, మస్తు ఏడ్చిందా?"

"ఏడ్సుడైతే అయింది" అన్న.

కోడలి మొఖం మాడిపోయింది. చీర కొంగు చేతుల నలుపుకుంట నిలవడ్డది.

"పిల్ల గాదే, పిచ్చిదానా," అన్న, "నేను."