ఐవీ ఆంటీ పాడుతుంటే నేను బల్ల కింద దాక్కున్న రోజు

మా చిన్నప్పుడు... లోవర్ హట్ అనే పరాయిదేశపు ఊళ్ళో ఒక శనివారం మధ్యాహ్నం, కమ్యూనిటీ హాల్లో సమోసాల బల్ల కింద దూరి, రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాను. పదకొండేళ్ళు నాకు. పైన వీధి వీధంతా చప్పట్లు కొడుతోంది.

పాడుతున్నది మా వీధి చివరింటి ఐవీ ఆంటీ. ట్రినిడాడ్ దీవి నుంచి వచ్చిన పెద్దావిడ. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు మాత్రమే కాలిప్సో పాడే రోజుల్లో స్టేజీ ఎక్కిన మొదటి ఆడమనిషి తనేనట.

కాలిప్సో అంటే గంతులేయించే పాటే... కానీ ఊళ్ళో జరిగే అన్యాయాన్ని, చేసినవాడి మొహం మీదే పాడేయడం. పేరు చెప్పరు. చెప్పక్కర్లేదు. పనిమనుషుల్ని ఏడిపించే దొరసానుల మీద పాడితే ఎవరో టమాటాలు విసిరారట. బాగున్నవి ఏరుకుని కూర వండానని నవ్వేది.

నాకు చదువు అబ్బలేదు గానీ, ఎవరింట్లో ఏం మాడిందో పసిగట్టడంలో ఎప్పుడూ ఫస్టే. బడి నుంచి వస్తూ రోజూ ఆవిడకొక కబురు మోసేదాన్ని. సగం నిజం, సగం నా కల్పన. ఆవిడ అక్కడికక్కడే దాని మీద రెండు లైన్లు కట్టేది, ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆ వారం మోసిన కబురు రాజారావు అంకుల్‌ది. ఆయనింట్లోనే వెనక గదుల్లో ఉండేవాళ్ళం. నాన్న ఉద్యోగం కూడా ఆయన చూపించిందే. ఆయన భార్య సరళ ఆంటీ ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకుంటుందని, ఆవిడలా నడిచి మరీ వెక్కిరించాను. గోడ అవతల గిన్నెలు పడ్డ చప్పుడు, ఆ తర్వాత ఆంటీ మూలుగు... అవి కూడా నోటితో చేసి చూపించాను.

ఐవీ ఆంటీ నవ్వలేదు. మళ్ళీ చెప్పమంది. అప్పుడు గానీ నేనేం చెబుతున్నానో నాకు వినపడలేదు.

శనివారం దాని మీదే పాడతానంది. వద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అంకుల్‌కి తెలిస్తే సామాన్లతో సహా మేం రోడ్డు మీదే...

"నీ పేరు రాదు పిల్లా. ఆయన పేరూ రాదు," అంది.

పొరుగువాళ్ళకి స్వీట్లు పంచి, తలుపేసుకున్నాక పెళ్ళాం మీద చెయ్యి లేపే మగాడి పాట అది. మొదటి చరణానికి అంకుల్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. బల్ల కింద నుంచి నాకు ఆయన బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి... రెండో చరణంలో, తాళం వేస్తున్న కాలు ఆగిపోయింది.

ఇంటికి అంకుల్ కార్లోనే వచ్చాం. ముందు అంకుల్, నాన్న. వెనక అమ్మకీ సరళ ఆంటీకీ మధ్య నేను. ఇంటి ముందు ఇంజన్ ఆపి, అంకుల్ వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ ముసల్దానికి మన ఇంటి సంగతులు ఎవరు మోశారు?"

అద్దంలో ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నేనే చెప్పానండీ," అంది సరళ ఆంటీ. "ఇంకా చాలా ఉన్నాయి. అవీ చెప్తాను."

ఐవీ ఆంటీతో ఆవిడ అప్పటిదాకా హలో తప్ప మాట్లాడి ఎరగదు.

కారు దిగి, ఇంట్లోకి కాదు, వీధి చివరికి నడిచింది. అంకుల్ హార్న్ కొట్టాడు... ఆవిడ తిరిగి చూడలేదు.

నెల తిరక్కుండా మేమూ ఇల్లు మారాం. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గోడ ఆయనకీ ఒకటే కదా... ఆయనా వినే ఉంటాడు.

ఇప్పుడు నేనుండే బోటనీ డౌన్స్‌లో మా తెలుగువాళ్ళకి ఫోన్ గ్రూపులే పాతిక. ఎవరింట్లో ఏమవుతోందో అందరికీ తెలుసు. గుసగుసలకి లోటు లేదు... ఎదురుగా నిలబడి పాడేవాళ్ళే లేరు. ఊరందరినీ ఆటపట్టించే నేనూ అలాంటి కబురు చదివి ఫోన్ పక్కన పెట్టేస్తాను.

మీ మీద పడాల్సింది తన మీదికి లాక్కున్న ఆంటీ మీకూ ఎవరైనా ఉండే ఉంటారు. కింద రాయండి... మా సరళ ఆంటీ కూడా చదువుతుంది.