హోపీ కుండలో పిన్ని పెరుగు

ఆ రోజుల్లో నాకో పిచ్చి నమ్మకం ఉండేది, ముట్టుకోవద్దంటే పిన్ని ముట్టుకోదని. కెనడాలోని హామిల్టన్‌లో యూనివర్సిటీ చదువు, పిన్ని వాళ్ల బేస్‌మెంట్‌లో మకాం, మా డిపార్ట్‌మెంట్ ఎగ్జిబిషన్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం. సోమవారం అరిజోనా నుంచి హోపీ అనే ఆదివాసీ తెగకి చెందిన ఒక పెద్దావిడ వస్తున్నారు. చక్రం లేకుండా, మట్టిని తాళ్లలా పేని, చుట్ట మీద చుట్ట వేసి చేత్తోనే కుండ లేపుతారావిడ. ఆవిడ ముందే పంపిన కుండకి ఫొటోలు తీయించి, సోమవారం తెచ్చివ్వడం నా పని. "దానికేమైనా అయితే ఇక నువ్వు ఉద్యోగానికి రానక్కర్లేదు" అన్నాడు ప్రొఫెసర్.

బేస్‌మెంట్‌లో తేమగా ఉంటుందని, ముట్టుకోవద్దని పిన్నికి చెప్పి కుండని వంటింటి అరలో పెట్టా. (నా ఖర్మ!) ఆదివారం లేచి చూస్తే కుండ స్టవ్ పక్కన ఉంది, దాని నిండా గడ్డపెరుగు.

"పిన్నీ! ఏం చేశావ్!"

"అరుస్తావేంటే? కొత్త కుండ కదా, గంజి పోసి నానబెట్టి, పీచుతో తోమి తోడేశా. ఎలా తోడుకుందో చూడు!"

"అది చూడ్డానికి పిన్నీ, చూడ్డానికి!"

"చూడ్డానికి కుండేంటే, విడ్డూరం కాకపోతే!"

పెరుగు తీసేస్తే బయటంతా తడి మచ్చలు, కుండ మీద గీసిన పిట్టల్లో సగం మాయం. కూర్చుని ఏడ్చా. సోమవారం పిన్ని "నేనే చెప్తా పద" అంటూ దద్దోజనం డబ్బాతో వెంటబడింది. (వద్దంటే వింటేగా!)

పెద్దావిడ కుండ తిప్పి చూసి, వాసన చూసి, "ఇందులో ఏం పోశారు?" అన్నారు.

"కర్డ్ అండీ, వెరీ థిక్!" అంది పిన్ని, గర్వంగా.

ఆవిడ మచ్చ మీద వేలు పెట్టి రుద్ది చూశారు. "ఈ పిట్టలు గీయడానికి చాలా కష్టపడ్డాను" అన్నారు. పిన్ని మొహం వాడిపోయింది. మెల్లగా డబ్బా మూత తీసి ముందుకు జరిపింది. ఆవిడ ఒక ముద్ద తిన్నారు, ఇంకో ముద్ద తిన్నారు, చివరికి పగలబడి నవ్వారు. "నా కుండలన్నీ అద్దాల బీరువాల్లోకే పోతాయి. ఇదొక్కటైనా వంటింటికి వెళ్లింది. దీన్ని ఈవిడకే ఇచ్చేయండి" అన్నారు. పిన్నికి కుండ దక్కింది. నా ఉద్యోగం మాత్రం ఊడింది!

కొన్నేళ్ల తర్వాత మార్కమ్‌లో మేం ఇల్లు కొన్నప్పుడు పిన్ని ఆ కుండని నాకిచ్చింది. అద్దాల బీరువాలో పెట్టా. మొన్న వచ్చినప్పుడు తోడేస్తానని దాన్ని వంటింట్లోకి పట్టుకుపోతుంటే, "పిన్నీ, అది చూడ్డానికి!" అని మళ్లీ అంతే గట్టిగా అరిచా. అలిగి వెళ్లిపోయింది. తర్వాత కుండ తీసి లోపల ముక్కు పెట్టి చూశా. ఇంకా పులుపు వాసనే. నవ్వుకుంటూ పాలు కాచడానికి లేచా.